జొన్న పాతర, కదలని ముల్లు

బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్న ఆడవాళ్లందరికీ తెలిసిన దశ ఒకటుంది. మొదటి నెల మూడు కిలోలు తగ్గుతాం, రెండో నెల రెండు, మూడో నెల ఒకటి. ఆ తర్వాత ముల్లు కదలదు. అదే తిండి, అదే వాకింగ్, అదే నోరు కట్టుకోవడం, కానీ మిషన్ మీద అదే అంకె. దీన్నే డైట్ చేసేవాళ్లు ప్లాటో అంటారు. ప్లాటో అంటే పీఠభూమి అండీ. కొండ దిగుతూ ఉంటే మధ్యలో చదునైన నేల తగిలినట్టన్నమాట.

నేను 79 కిలోల దగ్గర మొదలుపెట్టి 71కి వచ్చాను. అక్కడ పదకొండు వారాలు ఆగిపోయాను. మాది నరసరావుపేట. పొద్దున్నే కలిసి నడిచే మా ఆరుగురిలో నలుగురిది ఇదే కథ. "రాత్రి అన్నం మానెయ్ వదినా" అని ఒకరంటే, "అసలు అన్నమే మానేసి జొన్నరొట్టె తినండి అక్కా, మా అత్తగారి అమ్మ జన్మంతా జొన్నలే తిని పుల్లలా ఉండేది" అని ఇంకొకరన్నారు. ఈ రెండో మాట నా మనసులో ఉండిపోయింది. మన పల్నాటి ముత్తవ్వలు జొన్నలు తిన్నమాట నిజం. సన్నగా ఉన్నమాటా నిజం. మరి అది జొన్నల మహిమేనా? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే శ్రీనాథుడి దాకా వెళ్లాల్సి వచ్చింది.

శ్రీనాథుడు అంటే పల్నాటి వీరచరిత్ర రాసిన మహాకవి, 15వ శతాబ్దం వాడు. పెద్ద భోజనప్రియుడు. ఆయన పేరు మీద చెప్పుకునే చాటువుల్లో పల్నాడు మీద వెక్కిరింపులు చాలానే ఉన్నాయి. ఇక్కడ సన్నన్నం దొరకదనీ, ఎంతటివారైనా జొన్నకూడే తినాలనీ ఆయన బాధ. ఒక చాటువులో అయితే సాక్షాత్తూ కృష్ణుణ్ణే పిలిచి, చింతచిగురు వేసిన బచ్చలికూరతో ఒక్క జొన్నముద్ద మింగి చూడమని సవాలు చేస్తాడు. ఇప్పుడు చూడండి, జొన్నలు, బచ్చలికూర, చింతచిగురు! ఈ రోజుల్లో ఫీజు కట్టి రాయించుకునే డైట్ చార్టులో ఉండేవి ఇవే కదా. ఆయన శిక్ష అనుకున్నది మనకు చికిత్స అయింది.

పల్నాడు జొన్న తిన్నది ఆరోగ్యం కోసం కాదు, నీళ్లు లేక. వాన పడితే పంట, లేకపోతే పస్తు. అందుకే పాతరలు ఉండేవి. నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేసేవారు. ఇంట్లో గింజలు నిండుకుంటేనే పాతర తీసేవారు. తీసిన తర్వాత వచ్చే పంట ఎప్పుడో తెలియదు కాబట్టి, ఇంటి ఇల్లాలు రోజూ కొలిచే కొలత తగ్గించేది. మొదటి నెల మానెడు వండిన చోట తర్వాత ముప్పాతిక, ఆ తర్వాత సగం. అంబలి పలచనయ్యేది.

1832-33లో పాతరలు కూడా చాలలేదు. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువు అన్నారు, మనుషుల డొక్కలు ఎండిపోయాయి కాబట్టి డొక్కల కరువు అన్నారు. చరిత్ర పుస్తకాల్లో అది గుంటూరు కరువు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు అయిదు లక్షలైతే, అందులో లక్షన్నర మంది దాకా పోయారని లెక్క. ఆ తర్వాతే బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1855కి అది పూర్తయింది. తెనాలి, రేపల్లె వైపు డెల్టా పచ్చబడింది. ఎగువన ఉన్న మన మాచర్ల, గురజాల మాత్రం ఇంకో వందేళ్లకు పైగా వాన కోసం ఆకాశం వైపే చూశాయి.

తర్వాత 1876-78లో ధాత కరువు వచ్చింది. రాయలసీమ, బళ్లారి వైపు ఎక్కువగా దెబ్బ తిన్నాయి. ఖర్చు తగ్గించమని పైనుంచి పంపిన రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877లో కరువు పనుల్లో మట్టి మోసే కూలీకి ఒక కొలత పెట్టాడు. రోజుకు ఒక పౌను గింజలు, అంటే 450 గ్రాములు, పైన కొద్దిగా చిల్లర. ఈ కొలతతో మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ.ఆర్. కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలలకే ఆ కొలత పెంచక తప్పలేదు.

ఆ ఒక పౌను దగ్గర నేను ఆగి లెక్క వేశాను. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో 100 గ్రాముల జొన్నలకు 349 క్యాలరీలు అని ఉండేది. ఒక పౌనుకు దాదాపు 1,580 క్యాలరీలు. ఈ అంకెను ఒక్క నిమిషం గుర్తుపెట్టుకోండి.

1944-45లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. యుద్ధంలో ఆకలితో చిక్కిపోయినవాళ్లకు మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు తమంతట తామే ముందుకొచ్చారు. వాళ్లకు 24 వారాలు సగం కడుపుకే తిండి పెట్టారు. బంగాళాదుంపలు, క్యాబేజీ, రొట్టె, రోజుకు సగటున 1,570 క్యాలరీలు. చూశారా, టెంపుల్ దొర కొలతకూ దీనికీ తేడా దాదాపు లేదు. ఒకచోట దాన్ని కూలి అన్నారు, ఇంకోచోట అర్ధాకలి అన్నారు.

ఆ కుర్రాళ్లకు ఏమైందో మనం తెలుసుకోవాలి. మొదటి వారాల్లో బరువు చకచకా తగ్గింది. రానురాను తగ్గడం నెమ్మదించి, చివరికి దాదాపు ఆగే స్థితికి వచ్చింది. అప్పటికి పావు వంతు బరువు పోయింది. కానీ ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. నాడి నెమ్మదించింది. ఎండాకాలంలోనూ చలి వేసింది. ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. వంట పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నారట పాపం!

అంటే శరీరం మన ముత్తవ్వ పాతర దగ్గర చేసిన పనే చేసింది. లోపలికి వచ్చేది తగ్గిందని తెలియగానే బయటికి కొలిచేది తగ్గించింది. ఇది పల్నాటి ఒంటికే ఉన్న గుణం కాదు, మిన్నెసోటా ఒంటికీ ఉంది. డొక్కల కరువులో బతికి బట్టకట్టినవాళ్లకు ఈ గుణం ఎంతో కొంత సాయం చేసే ఉంటుంది. నా మిషన్ మీద 71 దగ్గర ఆగిన అంకె అదే. నా పట్టుదల లోపం కాదు, నా ఒంటి పొదుపు.

మరి మనకెందుకు అంత దిగులు? దానికీ ఒక చరిత్ర ఉంది. 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికా డాక్టరు ఒక పౌను బరువుకు 3,500 క్యాలరీలు అని లెక్క కట్టాడు. అందులోంచే రోజుకు 500 తగ్గిస్తే వారానికి అర కిలో అనే సూత్రం పుట్టి ప్రపంచమంతా పాకింది. ఆ లెక్కలో మనిషి గోనెసంచి లాంటిది, తీసినకొద్దీ తగ్గుతూ పోవాలి. కానీ సన్నబడిన ఒంటికి ఖర్చూ తక్కువే. ఇప్పుడు డాక్టర్లు వాడే ఒక లెక్కలో కిలో బరువుకు రోజుకు సుమారు 10 క్యాలరీల తేడా వస్తుంది. పది కిలోలు తగ్గితే, కదలకుండా కూర్చున్నా రోజుకు 100 క్యాలరీలు తక్కువ ఖర్చవుతాయి. అది 30 గ్రాముల బియ్యం, ఒక చిన్న గుప్పెడు. నడకలో మోసే బరువూ తగ్గుతుంది కాబట్టి అక్కడా ఖర్చు తగ్గుతుంది. పైన ఒంటి పొదుపు వేరే. అమెరికా టీవీలో బరువు తగ్గే పోటీ చేసిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల ఒళ్లు ఉండాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువే ఖర్చు చేస్తోందని 2016లో అచ్చయిన అధ్యయనంలో తేలింది.

ఇక జొన్నల మహిమ సంగతి. అదే పట్టికలో బియ్యానికి 345 క్యాలరీలు. జొన్నకూ బియ్యానికీ నాలుగే తేడా, అదీ జొన్నకే ఎక్కువ! జొన్నలో పీచు, మాంసకృత్తులు ఎక్కువ, కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. ఆ మేలు నిజమే. కానీ ముత్తవ్వను సన్నగా ఉంచింది గింజ ఒక్కటే కాదు. తెల్లారకముందే తిరగలి, ఆ తర్వాత రోలూ రోకలీ, బావి నుంచి బిందెలు, పత్తి చేలో నడుం వంచిన పని, పైగా కడుపు నిండని రోజులు. రొట్టె వచ్చింది, తిరగలి పోయింది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ మన పల్నాడు మీదుగా పారింది. శ్రీనాథుడు వెతికి దొరకలేదన్న వరి మన పొలాల్లోకి వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక కూలికి వెళ్లే ఇంట్లో కూడా మూడు పూటలా అన్నమే. దాన్ని నేను తప్పు పట్టను. ఆకలి తీరడం చిన్న విషయం కాదు. కానీ ఆ వెనకే మిక్సీ, గ్రైండర్, కుళాయి, స్కూటీ అన్నీ వచ్చాయి. పాతర రోజూ నిండుతోంది, తీసే అవసరమే రావడం లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 36 మంది ఆడవాళ్లు ఉండాల్సిన దానికంటే బరువుగా ఉన్నారు. అదే సర్వేలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత. ఈ రెండు అంకెలూ ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే ఒంట్లో ఉన్నాయి. అందుకే ముల్లు ఆగినప్పుడు పూట మానెయ్యమంటే నాకు భయం. కూర్చుని పని చేసుకునే 55 కిలోల స్త్రీకి కూడా రోజుకు 1,660 క్యాలరీలు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. మన ఫోన్లలో తిరిగే చార్టులు 1,200 దగ్గర మొదలవుతాయి. ముల్లు ఆగిందని 1,000కి, 800కి దిగితే ఒళ్లు ఇంకా గట్టిగా పాతర మూసుకుంటుంది. కొవ్వుతో పాటు కండ పోతుంది, రక్తం పోతుంది, జుట్టు పోతుంది.

నేను చేసింది చెబుతాను. ముందు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకున్నాను. ఈ రెండూ చూసుకోకుండా తిండి తగ్గించకండి. తర్వాత 79 కిలోల మనిషి కొలతను 71 కిలోల మనిషి కొలతకు మార్చాను. పూట మానలేదు. మధ్యాహ్నం బియ్యంలో ఒక గుప్పెడు తీశాను, ఆ చోట పప్పు చిక్కగా వేసుకున్నాను. రోజూ ఒక గుడ్డు, లేదంటే ఉలవలో శనగలో, ఒక కప్పు పెరుగు. వారానికి మూడు రోజులు పీట మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా పదిహేనుసార్లు లేవడం, అయిదు లీటర్ల నీళ్ల డబ్బా రెండు చేతులతో ఎత్తి దించడం. తిరగలి మళ్లీ తేలేం కానీ, తిరగలి చేతికి ఇచ్చిన బలం తెచ్చుకోవచ్చు. కండ ఉంటే ఖర్చూ ఉంటుంది. ఆ టీవీ పోటీవాళ్లలో కూడా తగ్గిన బరువు నిలుపుకున్నది రోజూ బాగా కదిలినవాళ్లే.

ఇంకొకటి, వారం పదిరోజులు ముల్లు ఆగితే అది ప్లాటో కాకపోవచ్చు. నెలసరి ముందు, ఆవకాయ, గోంగూర పచ్చడి గట్టిగా తిన్న మర్నాడు ఒంట్లో నీరు చేరి కిలో అటూఇటూ అవుతుంది. నెల దాటాకే లెక్క మార్చండి. మిషన్‌తో పాటు టేపు కూడా పెట్టుకోండి. మన దేశపు ఆడవాళ్లకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మొదటి మూడు వారాలు నా బరువు ఒక్క గ్రాము కదలలేదు కానీ నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది. ఆ తర్వాత నాలుగు నెలలకు 69.5. అంతే. చకచకా ఏమీ తగ్గలేదు.

నాకు ఇప్పుడు ఆ పదకొండు వారాలు వృథా అనిపించడం లేదు. ఎనిమిది కిలోలు మళ్లీ రాకుండా మోసిన వారాలవి. ఒళ్లు మన మీద పగ పట్టలేదండీ. రేపు గింజలు ఉంటాయో ఉండవో అని కొలత తగ్గించే పాతకాలపు అవ్వ అది. ఆవిణ్ణి ఆకలితో భయపెడితే పాతర ఇంకా గట్టిగా మూస్తుంది. రోజూ వేళకు కడుపుకింత పెట్టి, చేతికింత పని చెబితే, నెమ్మదిగా తానే తీస్తుంది.