మన పిల్లలూ – కంప్యూటరూ



ఉదయగిరి కొయ్య గరిటెలు మీలో కొందరి వంటింట్లోనైనా ఉండే ఉంటాయి. చెక్కడం చూస్తే వచ్చే విద్య కాదది, ఉలి పట్టుకుంటేనే వస్తుంది. కంప్యూటరు చదువూ అంతేనండీ.

బడిపిల్లలకు ఈ విద్య నేర్పాలని కేంద్ర ప్రభుత్వం 1984లో ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టింది. అందుకు ఎంచుకున్నది బి.బి.సి. మైక్రో. అవును, ఆ రేడియో బి.బి.సి.యే! 1982లో ఆ సంస్థ బ్రిటనులో టీవీ ద్వారా కంప్యూటరు పాఠాలు చెబుతూ, వాటికి తగిన యంత్రాన్ని ఏకార్న్ కంపెనీచేత చేయించింది. దాన్ని ఇంట్లోని టీవీకే తగిలించుకోవచ్చు. పాటల క్యాసెట్టు వంటి టేపులోంచి ప్రోగ్రాము ఎక్కించేవారు. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. మీ ఫోనులో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు! ఆ యంత్రానికి ‘బేసిక్’ భాష రాసింది సోఫీ విల్సన్ అనే ఆవిడ. నేటి సెల్‌ఫోన్ల చిప్పుల వెనుకా ఆవిడ పనితనం ఉంది.

అయితే మొదట దేశమంతటికీ కలిపి సుమారు 250 బడులే. ఇక ఉదయగిరి, ఆత్మకూరు వంటి మెట్ట ఊళ్ళ పిల్లల వంతు ఎప్పటికి వచ్చేను? మన రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు విద్య అన్న పథకం 2008లో గాని రాలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. ఆడపిల్లలకూ అందాయి, సంతోషమే. కాని ఇంటికొచ్చాక అక్క అంట్లు తోముతుంటే, ఆ ట్యాబులో తమ్ముడు ఆటలాడుకుంటూ కూర్చుంటే? ఆ సంగతి ఏ పథకంలోనూ రాసి లేదు మరి!