కృష్ణా డెల్టా వరిచేలు – సుడిదోమ, సాలీడు

1855లో విజయవాడయొద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు తెనాలి, కొల్లూరు, రేపల్లె ప్రాంతములకు ప్రవహించెను. నాటినుండి ఈ సీమ చరిత్ర చాలవరకు వరి చరిత్రయే. అయితే చేలలో పెరిగినది వరి యొక్కటియే కాదు. నీటిలో కప్ప, గట్టున పాము, కలుగులో ఎలుక, దుబ్బు మొదట సాలీడు, పైన కొంగ, ఏట్రింత, ఇవన్నియు నొక్క కాపురముగా బ్రతికెను. దిగుబడి లెక్కలు వ్రాసినవారు బస్తాలను లెక్కించిరే గాని వీనినెవ్వరును లెక్కింపలేదు.

ఆకాలపు అక్కుళ్లు, కృష్ణకాటుకలు వంటి పొడవు వరులకు పశువుల పెంటయు, పచ్చిరొట్టయుఁ బలము. దిగుబడి స్వల్పము. సుడిదోమ అప్పుడును కలదు గాని, దానికై బెంగపడిన రైతు అరుదు. 1964లో తైచుంగ్ నేటివ్-1, 1966లో ఐ.ఆర్.8 అను పొట్టి రకములు బయలుదేరెను. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్.8 పండించి దేశమంతట పేరు గాంచిరి. ఈ రకములు ఆకలి తీర్చినవన్న మాట మరువరానిది. కాని వానితోపాటు యూరియా, ఒత్తు నాట్లు, పురుగుమందులు వచ్చెను. 1973-74లో కేరళమున సుడిదోమ విజృంభించి పంటలను మాడ్చెను. తరువాత ఆంధ్ర డెల్టాలకును ఆ పీడ తప్పలేదు.

ఇది దుబ్బు మొదట, నీటిమట్టమునకు కొంచెము పైన చేరి రసము పీల్చును. చేను గుండ్రని సుడులుగా ఎండిపోవును గనుకనే దానికాపేరు. మందు కొట్టుకొలది దోమ హెచ్చుటయే వింత. కారణమిది: దోమ తన గ్రుడ్లను ఆకు తొడిమ లోపల దాచును, మందు వానిని తాకదు. దోమను తిను సాలీళ్లును, గ్రుడ్లను పీల్చు మిరిడ్ నల్లులును బయట తిరుగుచుండి ముందుగా చచ్చును. వారము పది దినములకు గ్రుడ్లు పిల్లలగును, వానిని తినువారుండరు. రైతు మరల డబ్బా ఎత్తును. అప్పు పెరుగును.

ఇంకొక సంగతి శాస్త్రజ్ఞులు ఇండొనేషియా పొలములలో కనుగొనిరి. నాటిన తొలి వారములలో చేనిలో పంటను తిను పురుగు స్వల్పమైనను సాలీళ్లు పెరుగును. కుళ్లిన ఆకును, నీటి నాచును తిని వృద్ధియగు హానిలేని చిరుదోమలే వాని తిండి. అనగా పచ్చిరొట్ట వేసిన చేను దోమ వచ్చుటకు ముందే కావలివాండ్రను పోషించుకొనును! 1986లో ఇండొనేషియా ప్రభుత్వము వరిపై 57 పురుగుమందులను నిషేధించెను. పంట తగ్గలేదు.

కప్పల కథ వేరు. పురుగులను తిను ఈ జంతువు కాళ్లు విదేశీయుల భోజనమునకై వేలకొలది టన్నులు ఎగుమతియయ్యెను. 1987లో భారత ప్రభుత్వము ఆ వ్యాపారమును నిలిపివైచెను. అప్పటికి చాల పొలములలో వానకాలపు బెకబెకలు సన్నగిల్లినవి.

1925లో స్థాపితమైన మారుటేరు పరిశోధనా స్థానము సుడిదోమకు తాళు చైతన్య, కృష్ణవేణి, విజేత వంటి రకముల నొసగెను. బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన సాంబమసూరి మాత్రము దోమకు లొంగునదే. అయినను సన్నబియ్యపు రుచికి, ధరకు ఆశపడి రైతు దానిని విడువడు. అతనిని తప్పుపట్టుటయు న్యాయము కాదు. అందుకే ప్రతి రెండు మీటర్లకు ఇరువది సెంటీమీటర్ల కాలిబాట విడువుమని వ్యవసాయ శాఖవారు చెప్పుదురు. నేల వృథాయగునని బాటలు తీయని వారును గలరు. తీసిన చేలలో గాలి, వెలుతురు మొదలంట తగులును. డబ్బా భుజమున కెత్తుకొనుటకు ముందు రైతు వంగి దుబ్బును తట్టి, నీటిపై దోమలెన్ని పడినవో, సాలీళ్లెన్ని పరుగెత్తినవో లెక్కింపవచ్చును.