కంప్యూటరు మారినప్పుడల్లా తెలుగు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ఆగిపోయింది. దాంతో పాత చర్చే మళ్ళీ మొదలైంది. కొత్త యంత్రం కొని విండోస్ 11కి వెళ్ళాలా, ఉన్నదాంట్లోనే లినక్స్ వేసుకోవాలా, ఖర్చయినా సరే మాక్ వైపు పోవాలా? ఇంగ్లీషులో పని నడిచేవాళ్ళకి ఇది డబ్బుకీ అలవాటుకీ సంబంధించిన లెక్క. తెలుగులో రాసేవాళ్ళ లెక్కలో ఇంకో పద్దు ఉండేది: ఇంతవరకూ రాసింది కొత్తచోట చదవడానికి వస్తుందా? ముప్ఫై ఏళ్ళుగా కంప్యూటరు మీద తెలుగు రాస్తున్నవాణ్ణి కాబట్టి ఆ పద్దు చరిత్ర కాస్త చెప్పాలనిపించింది.

1990ల మొదట్లో మనం కొనుక్కునే ఏ కంప్యూటరుకీ తెలుగు రాదు. సీడాక్ వారి జిస్ట్ కార్డు తగిలిస్తే డాస్‌లో మన లిపులు కనిపించేవి గానీ, అది అందరి దగ్గరా ఉండేది కాదు. మిగిలినవాళ్ళకి రెండు దారులు.

మొదటిది రోమన్ అక్షరాల్లో తెలుగు రాయడం. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దీనికి ఒక పద్ధతి ఏర్పరిచారు. అదే ఆర్‌టిఎస్. అందులో చిన్నబడి ‘టి’ కొడితే త, పెద్దబడి కొడితే ట. అలా రాసినదాన్ని వారి ‘రిట్’ ప్రోగ్రాముకి ఇస్తే, ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్‌లు టెక్ కోసం తయారుచేసిన ఫాంట్లతో అచ్చ తెలుగు లిపిలో బయటికొచ్చేది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు పద్యాల మీద వాదించుకున్నదీ, కథలు పంచుకున్నదీ చాలావరకు ఈ రోమన్ తెలుగులోనే. చూడ్డానికి అందంగా ఉండదు. తెలుగుని ఇలా రాయడమేమిటని చిరాకుపడ్డవాళ్ళూ ఉన్నారు.

రెండోది ఫాంట్ల దారి. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టేయడం: ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో దీర్ఘం, మరోదాంట్లో వత్తు. తెర మీద మనకి ‘క’ కనిపిస్తుంది, ఫైల్లో మాత్రం ఏదో రోమన్ అక్షరం సంఖ్య ఉంటుంది. పైగా ఏ గడిలో ఏ ముక్క అన్నది ఒక్కొక్క ఫాంటు కంపెనీది ఒక్కొక్క తీరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే యూరప్ భాషల కొమ్ములూ చుక్కలూ కలగాపులగంగా కనిపించేవి. అయినా అచ్చులో అక్షరం నిండుగా, ముచ్చటగా ఉండేది. డి.టి.పి. కేంద్రాలన్నీ పేజ్‌మేకర్‌తో ఈ దారినే పట్టాయి.

యూనికోడ్ మొదటి ప్రమాణం 1991లో వచ్చింది. భారతీయ ప్రమాణమైన ఇస్కీని ఆధారం చేసుకుని తెలుగుకి 128 గళ్ళు కేటాయించింది. ఇందులో ‘స్త్రీ’ అంటే స, విరామం, త, విరామం, ర, ఈకారం, మొత్తం ఆరు సంకేతాలు. వాటిని కలిపి ఒక అక్షరంగా చూపించే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్ మీద పడింది. ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఫాంటు మీద ఆధారపడ్డ తెలుగు ఇప్పుడు సిస్టమ్ మీద ఆధారపడింది. విండోస్ 98లో డబ్బాలు కనిపించేవి. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి తెలుగు చూపించడం వచ్చు, గౌతమి ఫాంటు కూడా ఇచ్చారు. కానీ సెట్టింగుల్లోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టాలి, అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఆ సీడీ ఎంతమంది ఇళ్ళల్లో ఉండేది?

లినక్స్‌కి మారినవాళ్ళ బాధ వేరు. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లతో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కనబడేట్టు నడిచేవి. లినక్స్ వేసుకుంటే స్వేచ్ఛ వచ్చేది గానీ పొద్దున్నే పేపరు పోయేది! ఆ లోటు తీర్చింది వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’. ఫైర్‌ఫాక్స్‌లో తగిలిస్తే పేపరు అక్షరాలని అప్పటికప్పుడు యూనికోడులోకి మార్చి చూపించేది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లని ఉచితంగా ఇచ్చారు. 2006లో వీవెన్ ‘లేఖిని’ తెచ్చాక, ఏ సిస్టమ్ మీద కూర్చున్నా బ్రౌజరుంటే చాలు, తెలుగు రాసుకోవచ్చు. ఈ పనులు చేసినవాళ్ళు పెద్ద కంపెనీలు కారు, భాష మీద ఇష్టంతో చేసినవాళ్ళు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఒక విడ్డూరం కనిపిస్తుంది. మనం చిరాకుపడ్డ ఆ రోమన్ తెలుగే సులువుగా గట్టెక్కింది. ఉత్త అక్షరాలు కాబట్టి ఏ కంప్యూటరైనా చదవగలదు, నియమం ఒకటే కాబట్టి చిన్న ప్రోగ్రాముతో యూనికోడులోకి వచ్చేస్తుంది. అందంగా కంపోజ్ చేసిన పుస్తకాలే చిక్కులో పడ్డాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7.0 కూడా 2001లోనే వచ్చింది, దానికి యూనికోడు తెలియదు. నాకు తెలిసిన ఒక ప్రచురణకర్త దగ్గర కొత్త యంత్రాల పక్కనే ఒక పాత ఎక్స్‌పీ కంప్యూటరు ఇప్పటికీ ఉంది. దాన్ని నెట్‌కి కలపరు. పాత పుస్తకాల పునర్ముద్రణలన్నీ అందులోంచే రావాలి. మూర్ఖత్వమని నవ్వేయలేం. యూనికోడు ఫాంట్లు చాలాకాలం వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉండేవి, అచ్చుపని ఆపుకుని ఎవరు కూర్చుంటారు?

యూనికోడు వచ్చాక చిక్కులన్నీ తీరలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ని ఒక పద్ధతిలో రాసి పంపితే ఐఫోన్‌లో దాన్ని చూపించే యాప్‌లు కుప్పకూలిపోయేవి. కొద్దిరోజుల్లోనే సరిదిద్దారు, ఫైళ్ళలోని తెలుగు మాత్రం చెక్కుచెదరలేదు. తేడా అదే. చూపించడంలో తప్పుంటే రేపు సరిచేయచ్చు. ఫైల్లోనే అక్షరం బదులు ఇంకేదో ఉంటే, ఆ ‘ఇంకేదో’ ఏమిటో తెలిసినవాళ్ళు ఉన్నంతవరకే అది తెలుగు.

ఈ వ్యాసం విండోస్ నుంచి లినక్స్‌కీ, అక్కణ్ణుంచి మీ ఫోనుకీ ఏ గొడవా లేకుండా వెళ్తుంది. వెళ్ళలేనివి దాదాపు ఇరవయ్యేళ్ళ పాటు డి.టి.పి. కేంద్రాల్లో కంపోజ్ అయిన పుస్తకాల ఫైళ్ళు. వాటిని మార్చే పరికరాలు ఉన్నాయి గానీ, మార్చాక వత్తులు పక్క అక్షరానికి అతుక్కుపోతుంటాయి. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఎవరో ఒకరు ఓపిగ్గా ప్రూఫులు దిద్దాల్సిందే. మీ పుస్తకం అలాంటి ఫైల్లో ఉంటే, ఆ పాత యంత్రం ఆన్ అవుతుండగానే దాన్ని బయటికి తీయించండి. కొత్త కంప్యూటరుకి ఏ సిస్టమ్ వేయించాలన్నది ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.