క్యాసియో పెట్టె, కోయ డోలు

తెలుగునాట కీబోర్డు ఏ కంపెనీదైనా వాడుకలో దాని పేరు క్యాసియో. యమహా ముందు కూర్చున్నవాణ్ణి కూడా ‘క్యాసియో వాయిస్తాడు’ అనే అంటారు. కాలిక్యులేటర్లు చేసే జపాన్ కంపెనీ ఒకటి 1980లో క్యాసియోటోన్ 201తో సంగీతంలోకి దిగింది. సామాన్యుడి ఇంట్లోకీ, ఊరి పందిట్లోకీ ఎలక్ట్రానిక్ స్వరం చేరడం అప్పటి నుంచి మొదలైంది. అప్పట్లో సింథసైజర్ అంటే స్టూడియో వస్తువు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 ధర అమెరికాలో రెండు వేల డాలర్లకు దగ్గర. మరుసటి ఏడాది క్యాసియో తెచ్చిన సీజెడ్-101 అయిదు వందల డాలర్లకే దొరికింది. అది అసలైన సింథసైజరే, ధ్వనిని వాయించేవాడే మలుచుకోవచ్చు. కాకపోతే మెట్లు చిన్నవి, పెద్దవాళ్ల వేళ్లు పక్క మెట్టుకు తగులుతాయి. తెలుగు ఊళ్లకు ఎక్కువగా వచ్చినవి ఇంకో జాతివి: ధ్వనులూ తాళాలూ ముందే నింపి, మీట నొక్కితే పలికేవి. జనం రెండింటికీ తేడా చూడలేదు. చూడాల్సిన పనీ వాళ్లకు లేదు.

చవకగా వచ్చిన పెట్టె మీద సంగీతకారులు రెండుగా చీలడం ఇక్కడ కొత్త కాదు. ఆ తగువు హార్మోనియంతోనే ఒకసారి జరిగింది. పారిస్‌లో పుట్టిన వాద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 19వ శతాబ్దం చివరి భాగంలో నేల మీద కూర్చుని వాయించే పెట్టెగా మార్చాడు. ఒక చెయ్యి తిత్తికి, ఒక చెయ్యి మెట్లకు. బండి మీద వేసుకుని ఊరూరా తిరిగే నాటక సమాజానికి ఇంతకన్నా అనువైన వాద్యం లేదు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలు కానీ, తర్వాత పల్లెపల్లెకూ పాకిన పద్యనాటకం కానీ ఆ పెట్టెను ఆనుకునే నిలిచాయి. హరిశ్చంద్రుడో కృష్ణుడో పద్యం చివర రాగం లాగుతుంటే అతని గొంతు ఎటు పోతే అటు వెంట నడవడం హార్మోనిస్టు పని. నటుడు శ్రుతి తప్పితే ప్రేక్షకులకు తెలియకుండా సర్దడం కూడా అతని పనే. అందుకే ఆ రంగస్థలం మీద హార్మోనిస్టుకు నటుడితో సమానమైన పేరుండేది.

శాస్త్రీయ సంగీతకారుల లెక్క వేరు. మెట్టు మీద స్వరం కదలదు, తోడిలో గాంధారం ఊగాలంటే పెట్టె ఒప్పుకోదు. ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫౌల్డ్స్ ఈ వాద్యం మీద విమర్శ రాశాడు. రవీంద్రనాథ్ టాగూర్ ఆ వాదాన్ని సమర్థించాడు. 1940 మార్చి 1 నుంచి రేడియోలో హార్మోనియం నిషిద్ధమైంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యేనాటికీ ఆ నిషేధం అమల్లో ఉంది. 1971లో కొంత సడలింది. అంటే మూడు దశాబ్దాల పాటు రేడియోలో చోటులేని వాద్యం ఊరి నాటకంలో మాత్రం రాజ్యమేలింది. ఒకే పెట్టె, ఒకే లోపం. పాడేవాడి అవసరాన్ని బట్టి తీర్పు మారింది.

క్యాసియో విషయంలోనూ తీర్పు అలాగే చీలింది, ఈసారి కారణం సినిమా. 1980ల్లో మద్రాసు స్టూడియోల్లో సింథసైజర్లు, రిథమ్ యంత్రాలు వయొలిన్ల వరసకు పక్కన చేరాయి. తెలుగులో రాజ్-కోటి జంట పాటల్లో ఆ ధ్వని స్పష్టంగా వినిపిస్తుంది. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించినవాళ్లలో అప్పటి దిలీప్, తర్వాతి ఎ.ఆర్. రెహమాన్ ఒకడు. 1992లో ‘రోజా’ వచ్చాక శ్రోతల చెవి పూర్తిగా మారింది. పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా నుంచి జనం కోరింది ఆ ధ్వనినే. లక్షల రూపాయల యంత్రాల మీద పుట్టిన పాటను కొన్ని వేల రూపాయల పెట్టె మీద పలికించాలి. ఫిర్యాదులన్నిటికీ మూలం ఆ దూరమే.

చిన్న మోడళ్లలో మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ధ్వని ఒకటే. ఒకేసారి పలికే స్వరాలకు పరిమితి ఉంటుంది, ఎడమ చేత్తో కార్డ్ పట్టి కుడి చేత్తో పాట లాగితే ముందు నొక్కిన స్వరం మధ్యలో తెగిపోతుంది. వీణ అని రాసి ఉన్న మీట నొక్కితే పలికేది వీణ కాదు. మెట్ల కింది రబ్బరు స్పర్శలకు దుమ్ము, తేమ పడితే కొన్ని స్వరాలు మూగబోతాయి. హార్మోనియం రీడు శ్రుతి తప్పితే పనివాడు ఆకురాయితో గీసి సరిచేస్తాడు. చిప్ పోతే గీయడానికేం లేదు.

తాళం సంగతి ఇంకా చిక్కు. పెట్టెలో వాల్ట్జ్ ఉంది, డిస్కో ఉంది, బోసానోవా ఉంది. తీన్మార్ లేదు. మిశ్రచాపు, ఖండచాపు దొరకవు. జమైకాలో 1985లో ఒక కుర్రవాడి చేతిలోని క్యాసియో ఎంటీ-40 పెట్టెలో ఉన్న ‘రాక్’ మీట నుంచి ‘స్లెంగ్ టెంగ్’ అనే పాట పుట్టి, రెగే సంగీతాన్నే డిజిటల్ దారి పట్టించింది. తెలుగు వాద్యగాళ్లు అలా మీటకు లొంగలేదు. రిథమ్ ఆపేసి డోలక్ పక్కన పెట్టుకున్నారు. స్తోమత ఉన్నవాళ్లు తర్వాత రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ప్యాడ్ కొని, డప్పు దెబ్బను అందులోకి ఎక్కించి పుల్లలతో వాయించారు. ఆ పని తెలివైనదే, కానీ డప్పు కళాకారుడి కూలికి గండి కొట్టింది కూడా అదే.

మెచ్చుకున్నవాళ్లకూ కారణాలు తక్కువ లేవు. ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే గాయకుడి శ్రుతి ఏదైనా వేళ్లు అలవాటైన చోటే నడుస్తాయి. హార్మోనియం మీద ఏళ్లు పట్టే ఆ విద్య ఇక్కడ ఒక మీట. బ్యాటరీలు వేస్తే కరెంటు లేకపోయినా పలుకుతుంది. పదిమంది బృందం చేసే పనిని ఇద్దరు చేస్తారు, పిలిచేవాడికి ఖర్చు తగ్గుతుంది. కొంత కాలానికి కంపెనీలే దిగివచ్చి భారతీయ ధ్వనులతో ప్రత్యేక మోడళ్లు చేశాయి: యమహా పీఎస్ఆర్-ఐ వరస, పేరు చివర ‘ఐఎన్’ తగిలించిన క్యాసియోలు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 వచ్చాక 61 మెట్ల సింథసైజర్ ఒక మోస్తరు బృందానికి కూడా అందింది. పెన్‌డ్రైవ్ నుంచి షెహనాయి, వేణువు ఎక్కించుకోవచ్చు. పిచ్ బెండ్ చక్రంతో స్వరాన్ని జార్చవచ్చు. ఆ చక్రం మీద ఎడమ చేతిని సాధన చేసి చెన్నైకి చెందిన కీబోర్డు విద్వాంసుడు సత్యనారాయణన్ కర్ణాటక కచేరీలే చేశాడు. అయితే సాధన అతనిది, చక్రం చాలామందికి అలంకారంగానే మిగిలింది.

ఈ పెట్టె ఎక్కిన కొండదారుల కూడలి చింతూరు. శబరి ఒడ్డున ఉన్న ఈ మండల కేంద్రం నుంచి ఒక దారి భద్రాచలానికి, ఒకటి మారేడుమిల్లి ఘాట్ మీదుగా రాజమహేంద్రవరానికి, మరొకటి కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు, ఇంకొకటి ఒడిశాలోని మోటు వైపు పోతాయి. ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలాన్ని పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు గోదావరిలో కలిపారు. 2022లో అది అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. ఇది కోయల నేల. కొమ్ములు అమర్చిన తలపాగాలతో మగవాళ్లు పెద్ద డోళ్లు మోస్తూ ఆడతారు. ఆడవాళ్లు చేతులు కలిపి వరసగా కదులుతూ రేల పాట పాడతారు, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. భూమి పండగకైనా పెళ్లికైనా ఈ పాటకు శ్రుతి పెట్టె అవసరం పడలేదు. పన్నెండు మెట్లలో దాన్ని ఇరికిస్తే గొంతుకూ మెట్టుకూ మధ్య సందు మిగులుతుంది.

అందువల్ల ఇక్కడ కీబోర్డు డోలు స్థానంలోకి రాలేదు, దాని పక్కన వేరే చోటు చూసుకుంది. ప్రార్థన మందిరాలు, బడి వార్షికోత్సవాలు, సినిమా పాటల పందిళ్లు దానివి. కోయ భాషలో పాట రికార్డు చేసి ఫోన్లలోకి వదిలే కుర్రవాళ్లకు కూడా అది పనికొచ్చింది. ఆ రికార్డుల్లో రేల వరసకు కింద ఎలక్ట్రానిక్ దరువు నడుస్తుంది. ఆడేవాళ్ల అడుగును బట్టి వేగం పెంచే తగ్గించే డోలు చెయ్యి అందులో ఉండదు, దరువు మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలత.

కోయల్లో డోలుకు ఆటే కాదు, కథ చెప్పే పని కూడా ఉంది. డోలి కోయలనే కథకులు గోత్రాల చరిత్ర పాడేటప్పుడు పడిగె అనే బొమ్మల గుడ్డ విప్పి, డోలు వాయిస్తూ రాత్రంతా చెబుతారు. ఆ విద్యకు మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024లో మరణించాడు. ఆ కథల్లో మేడారం సమ్మక్క, సారలమ్మల చరిత్ర కూడా ఉంది.