విశ్వవిద్యాలయములలోని భేదములు



మా తుమ్మలపల్లెలో చీనీతోట గల యొక పెద్దరైతు ఇటీవల నాయొద్దకు వచ్చి, మనుమని విదేశవిద్యకై తోటను కుదువ పెట్టదలచితినని చెప్పెను. ఏ విశ్వవిద్యాలయమని నేనడుగగా, “బళ్ళన్నీ ఒకటే గదప్పా! పేరు గొప్పదైతే చాలదా?” అనెను. చాలదని చరిత్ర చెప్పుచున్నది. విశ్వవిద్యాలయమను మాట యొక్కటియే గాని, ఆ పేరుగల సంస్థలు పలు తెరగులవి.

మొదటి తెరగు, గురుశిష్యులు కలసి నివసించు కళాశాలల సముదాయము. ఇంగ్లండునందలి ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి అట్టివి. చిత్తూరు చెంత కట్టమంచిలో 1880లో జన్మించిన రామలింగారెడ్డిగారు ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జికి పోయి, సెయింట్ జాన్సు కళాశాలలో చరిత్ర చదివిరి. అచ్చటి విద్య ఉపన్యాసములతో ముగియదు. విద్యార్థి తాను వ్రాసిన వ్యాసమును గురువునెదుట సమర్థించుకొనవలెను. భోజనశాలలో, చర్చాసభలో సైతము నేర్చుకొనవలెను. రెడ్డిగారు ఆ చర్చాసభకు ఉపాధ్యక్షులైరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసినపుడు దాని ప్రథమ వైస్ చాన్సలరు వారే.

రెండవ తెరగు, పరీక్షలు జరిపి పట్టములిచ్చునది. 1836లో స్థాపితమైన లండను విశ్వవిద్యాలయము మొదట తాను పాఠములు చెప్పలేదు. బోధన కళాశాలల వంతు, పరీక్ష దాని వంతు. మన మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఆ మాదిరినే ఏర్పడినది. అందుచేతనే 1916లో అనంతపురమున నెలకొన్న దత్తమండల కళాశాలలో చదివినవారు మద్రాసు పట్టము పొందగలిగిరి. ఇందు దోషము లేదు. ఎందరో పేదలకు అది దారి చూపినది. కాని పట్టముపై పేరు ఒకరిది, పాఠము చెప్పువారు వేరొకరు. నేడును విదేశములలో ఇట్టి ఏర్పాటులు కలవు గనుక, బోధించువారెవరో ముందే అడుగవలెను.

మూడవ తెరగు, పరిశోధన ప్రధానముగా గలది. 1810లో బెర్లినునందు ఈ పద్ధతి వేరూనెను. 1876లో అమెరికాలో జాన్సు హాప్కిన్సు దానిననుసరించెను. పురాతనమగు హార్వర్డు కూడ ఆ త్రోవ పట్టెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో మామగారి సాయముతోను, కాకినాడ ధర్మసంస్థ విరాళముతోను బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదివిరి. ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసికొనిరి. వారిని తీర్చిదిద్దినది తరగతిగది కాదు, ఫిస్కే యను ఆచార్యుని ప్రయోగశాల. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఆ యిరువురు ప్రకటించిరి. 1930లో సుబ్బారావుగారు డాక్టరు పట్టము పొందిరి. అయినను ఆ గొప్ప విద్యాలయమున స్థిరోద్యోగము లభింపక, 1940లో లెడర్లే ఔషధశాలలో చేరిరి. పేరు విద్యనీయవచ్చును, ఉద్యోగమునకు పూచీపడదు.

నాలుగవ తెరగు మన మెట్టసీమకు దగ్గరిది. అమెరికా ప్రభుత్వము 1862 నాటి చట్టముచే రాష్ట్రములకు భూములిచ్చి, ఆ రాబడితో సేద్యమును, యంత్రవిద్యను నేర్పు కళాశాలలను పెట్టించెను. కాన్సాసు రాష్ట్ర విశ్వవిద్యాలయము అట్టిదే. 1964లో స్థాపితమైన మన వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు అది తోడ్పడినది. నేల, నీరు, పైరు చదువగోరు బాలునకు ఇట్టిచోటు ప్రఖ్యాత కళాశాలకంటె మేలు కావచ్చును.

కావున ఆ రైతునకు నాలుగు ప్రశ్నలు వ్రాసియిచ్చితిని. పాఠము చెప్పువారెవరు? పట్టమిచ్చువారెవరు? ఆ శాస్త్రమునకు అచ్చట ప్రయోగశాలగాని పొలముగాని యున్నదా? మొత్తము వ్యయమెంత, అందులో విద్యార్థివేతనమెంత? జర్మనీలో పెక్కు ప్రభుత్వ విశ్వవిద్యాలయములు బోధనరుసుము పుచ్చుకొనవని కూడ చెప్పితిని. అయినను బస, భోజనము మన ఖర్చే. బ్యాంకు కాగితముపై వ్రేలుపెట్టుటకు ముందే ఈ జవాబులు రావలెనంటిని.

ఆ కాగితమును మడిచి రొండిన దోపుకొని, “మనుమనికి చూపెదను” అని ఆయన వెడలెను. తోట యింకను కుదువకు పోలేదు. జవాబులు వచ్చిన పిమ్మట పోయినను నాకు చింత లేదు.