లోపలి నుంచి వచ్చిన కాగితం

ఇంకో రెండు కట్టెలు వెయ్యి అబ్బీ, పత్తి కట్టె చప్పున మండి చప్పున బూడిదవుతుంది. ఏమడిగినావు? జైల్లో ఉన్నవాడు ఆ జైలు మీదే ఫిర్యాదు చెయ్యొచ్చా అనా? చెయ్యొచ్చు. ఎవరూ వద్దనరు. చిక్కంతా ఆ కాగితం నడిచే దారిలో ఉంది. ఎవరి మీద రాసినామో వాళ్ల చేతుల మీదుగానే అది బయటికి రావాల. వార్డరు మీద రాసింది వార్డరు చదువుతాడు, జైలరు మీద రాసింది జైలరు చదువుతాడు. శ్రీవిల్లిపుత్తూరు కోర్టులో వకీలు గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ నేను చూసింది ఇదే.

వారానికొకసారి సూపరింటెండెంటు వచ్చి ఖైదీలను వరస కట్టించి అడుగుతాడు, ఏమన్నా చెప్పుకునేది ఉందా అని. కొట్టినవాడు పక్కనే నిలబడి ఉంటాడు. ఎవడు నోరు తెరుస్తాడు? ములాఖత్ ఆపేస్తారని ఒక భయం, పెళ్లాం బిడ్డలు రాలేనంత దూరం జైలుకు మార్చేస్తారని ఇంకో భయం. "ఏమీ లేదయ్యా" అని చేతులు కట్టుకుంటారు. పుస్తకంలో ఫిర్యాదులు లేవని రాసుకుంటారు. అబద్ధం కాదు గదా అది!

నోరు తెరిస్తే ఏమవుతుందో చెప్తా విను. మన రాజపాళయంలో గాంధీ కలై మండ్రం చూసినావు కదా. దానికి తన ఇల్లే ఇచ్చేసిన మనిషి పి.ఎస్. కుమారస్వామి రాజాగారు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, మన మాదిరే. 1949 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినారు. మన పక్క మనిషి మద్రాసు ఏలుతున్నాడని మా పెద్దోళ్లు మీసం మెలేసేవాళ్లు. ఆయన ఏలుబడిలోనే, 1950 ఫిబ్రవరి 11న, సేలం సెంట్రల్ జైల్లో కాల్పులు జరిగినాయి. 22 మంది ఖైదీలు చచ్చిపోయినారు. కమ్యూనిస్టులు, ఎక్కువమంది మలబారు వాళ్లు. వాళ్లడిగింది ఏమని? మమ్మల్ని రాజకీయ ఖైదీలుగా చూడండి, దొంగలకు తగిలించినట్టు నంబరు బిళ్లలు మాకు తగిలించొద్దు అని. ముందు నోటితో చెప్పినారు, తర్వాత మీ మాట వినం అన్నారు, చివరికి తుపాకులు లేచినాయి.

నాకప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. పెద్దయినాక లెక్క వేసుకుంటే గుండె ఝల్లుమనింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది జనవరి 26న. పదహారు రోజులు. ఆ పుస్తకం మీద సిరా కూడా ఆరలేదు. రాజాగారు చెప్పి కాల్పించినారని నేను అనను, నాకలాంటి ఆధారం లేదు. ఆయన మంచివాడే. కానీ మంచివాడి చేతికింద ఉన్న జైల్లోనే ఇది జరిగింది. మనవాడు గదా అని ఈ ముచ్చటను దాచిపెడితే మిగతావి చెప్పే అర్హత నాకు ఉండదు.

ఆ ఏడే ఇంకోటి. మద్రాసు ప్రభుత్వం జైల్లో పెట్టిన ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు పోయినాడు. అప్పటి నిర్బంధ చట్టంలో 14వ సెక్షనని ఒకటి ఉండేది. నన్ను ఎందుకు పట్టుకున్నారంటే ఇందుకని, వాళ్లిచ్చిన కారణాలను ఖైదీ కోర్టులో బయటపెట్టినా నేరమే! గోపాలన్ కేసు ఓడిపోయినాడు గానీ ఆ సెక్షను మాత్రం కొట్టేసినారు. ఓడినా ఆయన పుణ్యాన కోర్టులో నోరు విప్పే దారి మిగిలింది.

తర్వాత చాన్నాళ్లకు మన ఆంధ్ర నుంచే ఒకటి వచ్చింది. విశాఖపట్నం సెంట్రల్ జైల్లో ఉన్న నక్సలైట్ ఖైదీలు వేసిన కేసు, భువన్ మోహన్ పట్నాయక్ పేరు మీద. జైలు గోడ పైన కరెంటు పారే తీగ కట్టినారనీ, చుట్టూ సాయుధ పోలీసులను దించినారనీ వాళ్ల మొర. 1974లో సుప్రీంకోర్టు పోలీసుల సంగతిలో వాళ్ల మాట వినలేదు. తీగ సంగతికి మాత్రం, ప్రాణం తీసే ఏర్పాటు చెయ్యాలంటే చట్టం ఉండాల, మీ ఆఫీసు ఉత్తర్వులు చాలవు అనింది. శిక్ష పడినంత మాత్రాన మనిషి హక్కులన్నీ ఊడిపోవని ఆ తీర్పులోనే ఉంది. మా వకీలుగారు ఆ పేజీ మడత పెట్టుకుని ఉండేవారు. ఎన్నిసార్లు తీసినారో, ఆ మూల చిరిగిపోయింది.

ఇక జైల్లోంచి నేరుగా జడ్జికి చేరిన ఉత్తరం కథ ఢిల్లీది. తీహారు జైల్లో సునీల్ బత్రా అని ఉరిశిక్ష పడినవాడు. 1979లో సుప్రీంకోర్టు జడ్జికి ఒక జాబు రాసినాడు. తన బాధ కాదు సుమా! పక్క ఖైదీ ప్రేమ్‌చంద్‌ను డబ్బు కోసం ఒక వార్డరు హింసించినాడని. ఆ గాయం ఎట్లాంటిదో పిల్లల ముందు చెప్పను. స్టాంపు లేదు, వకాలత్తు లేదు, ఉత్తి జాబు. దాన్నే పిటిషనుగా తీసుకున్నారు. ముగ్గురు జడ్జీల్లో ఒకాయన మన గుత్తి చిన్నపరెడ్డిగారు. తీర్పు రాసింది కృష్ణయ్యర్. ఆయన 1948లో నెల రోజులు జైల్లో కూర్చొని వచ్చిన మనిషి, తర్వాత 1957లో కేరళలో జైళ్ల మంత్రి కూడా. లోపలా తెలుసు, పైనా తెలుసు. అందుకే కాబోలు, ఆయన తీర్పు నేరుగా కాగితం దారి మీదికే పోయింది. జైల్లో ఫిర్యాదుల పెట్టె పెట్టాల, అది జిల్లా మేజిస్ట్రేటు, సెషన్సు జడ్జి అజమాయిషీలో ఉండాల, వాళ్లే జైలుకు వచ్చి ఖైదీల మాట వినాల. ఖైదీలు తమ బాధలు రాసుకునే గోడపత్రిక ఉంటే ఇంకా మంచిది అన్నారు. గోడపత్రిక నేనెక్కడా చూళ్లేదు. పెట్టె చూసినాను. తాళం తుప్పు పట్టి ఉండింది.

మరి జడ్జిదాకా చేరని మొర ఏమవుతుందో అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల చెప్తుంది. 1977. అవుకు వాళ్లు, చల్లా చిన్నపరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి, ఒక కేసులో రిమాండు మీద సబ్‌జైల్లో ఉన్నారు. ఏడో నంబరు గది. ఆ గుత్తి జడ్జిగారు వేరు, ఈయన వేరు, కలిపెయ్యొద్దు. బయట పగలున్నాయి, మా ప్రాణాలకు ముప్పుంది, కాపలా పెంచండి అని ముందే మొరపెట్టుకున్నారు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఉండాల్సినంత మంది కానిస్టేబుళ్లు కూడా ఆ రాత్రి కాపలా లేరు. మే 5 పోయి 6 వస్తోంది, తెల్లారగట్ల మూడున్నర. జైల్లోకి చొరబడి ఏడో గదిలో బాంబులు వేసినారు. తండ్రి కర్నూలు ఆసుపత్రిలో పోయినాడు, కొడుకు గాయాలతో బతికినాడు.

కొడుకు ఊరుకోలేదు, నష్టపరిహారం దావా వేసినాడు. సర్కారు ఏమనిందో విను. జైళ్లు నడపడం రాజ్యం చేసే పని, రాజ్యం చేసే పనికి పరిహారం అడక్కూడదు అనింది! తాళం చెవి నీ దగ్గర పెట్టుకుని లోపలున్నవాడి ప్రాణానికి నేను పూచీ కాదంటే ఎట్లా? హైకోర్టు 1,44,000 రూపాయలు వడ్డీతో కట్టమనింది. సర్కారు దాని మీద సుప్రీంకోర్టుకు పోయి 2000 ఏప్రిల్‌లో ఓడింది. ఇరవై మూడేళ్లు. ఆ మధ్యలో కొడుకు ఎమ్మెల్యే కూడా అయినాడు. అంత బలమున్నవాళ్లకే ఇన్నేళ్లు పడితే, మన మగ్గాల దగ్గర దినకూలీకి పోయేవాడి సంగతి నువ్వే చెప్పు.

తండ్రీ కొడుకులంటే మన పక్కదే ఇంకోటి గుర్తొస్తుంది. కోవిల్‌పట్టి సబ్‌జైలు, 2020 జూన్. సాత్తాన్‌కుళం జయరాజ్, బెన్నిక్స్. లాక్‌డౌన్‌లో సెల్‌ఫోన్ అంగడి తెరిచి పెట్టినారని స్టేషనుకు తీసుకుపోయి కొట్టినారు. రిమాండుకు తీసుకుపోతే మేజిస్ట్రేటు మేడ మీది నుంచే చెయ్యి ఊపి పంపినాడని పత్రికలన్నీ రాసినాయి. రిమాండంటే ఒట్టి సంతకం కాదు అబ్బీ. మనిషిని ఎదుట నిలబెట్టుకుని, కొట్టినారా అని అడిగే ఒకే ఒక్క నిమిషం అది. ఆ నిమిషం పోతే మిగతా చట్టమంతా దండగ. రోజు తిరక్కుండా ఒకరి వెనక ఒకరు ఇద్దరూ పోయినారు.

అందుకే మా వకీలుగారు అర్జీని జైలు గుమ్మం నుంచి పంపమనేవారు కాదు. వాయిదాకు తెచ్చినప్పుడు కోర్టులోనే ఇమ్మనేవారు. ఒక మరమగ్గం పిల్లోడు ఉండినాడు, ఊరి కొట్లాటలో రిమాండు. ఏ జైలో ఎందుకులే. గజ్జి పట్టింది, మందు లేదు, ఇద్దరికి ఒకే దుప్పటి. వరండాలో నా పక్కన కూర్చుని ఏడుస్తూ చెప్తాడు. ఏడుపు రాస్తే లాభం లేదురా, ఏ బ్లాకు, ఎంతమంది, ఏ తేదీన మందడిగినావు, ఎవరినడిగినావు, అవి చెప్పు అన్నాను. అన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. పేజీన్నర అయింది. సంతకం రాదు, వేలిముద్ర వేయించినాను. ఆ వేళ్ల సందుల్లో పుండ్లు, సిరా తగిలితే "అమ్మా" అన్నాడు.

లోపలికి పిలిచినారు. మేజిస్ట్రేటమ్మ కాగితం చదివి తలెత్తింది. చేతులు చూపించమనింది. వాడు పోలీసు ముఖం చూసినాడు. "నన్ను చూడు" అనింది. రెండు చేతులూ చాపినాడు. ఆమె కాసేపు చూసి, డాక్టరు పరీక్ష చేసి కోర్టుకు రిపోర్టు పంపాలని అక్కడికక్కడే రాసిచ్చింది. మరుసటి వాయిదాకు చేతులు మానినాయి, దుప్పట్లు కూడా వచ్చినాయని చెప్పినాడు. వాణ్ని కొట్టలేదు కూడా. కోర్టుకు రిపోర్టు పోవాల కదా మరి.

ఇప్పుడైతే మీకు సులువు. కస్టడీలో ఉన్నవాడు ఎవడైనా సరే, జిల్లా న్యాయసేవల ఆఫీసు దుడ్డు అడక్కుండా వకీలును ఇస్తుంది. 1987 చట్టంలోనే ఉంది.

ఆ పిల్లోడు బెయిలు మీద వచ్చినాక తువ్వాలు కొసన ముడేసుకుని అర్జీ ఫీజు తెచ్చినాడు. మా వకీలుగారు వద్దని పంపేసినారు. బయటికి వచ్చి నాకివ్వబోయినాడు. నేను తీసుకున్నాను, మరి పేజీన్నర రాసింది నేను కదా.