చక్రాల మీద దోసపాదు

తెలుగునాట నారుమడికి ఆకాశమే కప్పు. నారు పెరిగేదీ, నాటుకొనేదీ ఒకే ఎండలో. నాటడానికి నాలుగైదు రోజుల ముందు తడి తగ్గించి నారును గట్టిపరచడం మన రైతు తీసుకొనే జాగ్రత్త. మంచు కురిసే దేశాల్లో ఉంటున్న నాబోటివారికి అంత సులువు కాదు. వంగ, మిరప, టమాటా నారును ఇంట్లో దీపాల వెలుగున పెంచి, చలి తగ్గాక పెరటికి అలవాటు చేయాలి. మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, రాత్రికి మళ్ళీ లోపలికి. ఇలా వారం పది రోజులు. ఈ మోతకు మూలమెక్కడని వెతుక్కుంటూ పోతే రోము దాకా వెళ్ళవలసి వచ్చింది.

క్రీ.శ. 14 నుంచి 37 వరకు రోమును ఏలిన టైబీరియస్ చక్రవర్తికి దోసకాయ లేని రోజు ఉండేది కాదని ప్లినీ వ్రాశాడు. తోటమాలులు చక్రాలు అమర్చిన పాదులను ఎండలోకి నెట్టుకొచ్చేవారట. చలిరోజుల్లో, వెలుగును లోనికి వదిలే పలుచని రాతిపలకల చాటుకు చేర్చేవారట. ఆ కాలపువాడే అయిన కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో ఇదే పద్ధతి చెప్పి, పెద్ద తొట్లకు చక్రాలుంటే శ్రమ తగ్గుతుందని కూడా అన్నాడు. ఆ కాయ నేటి కీరదోస కాదనీ, ఖర్బూజా జాతికి చెందిన పొడుగుకాయ, అంటే ఉత్తరాదివారి కకడీ వంటిదనీ 2008లో హ్యారీ పారిస్, జూల్స్ జానిక్ వాదించారు. కాయ ఏదైతేనేం, తిన్నవాడి పేరు నిలిచింది. చక్రాలు నెట్టినవారి పేర్లు ఎవరూ వ్రాయలేదు.

ఆ లోటు పారిస్‌లో కొంత తీరింది. 19వ శతాబ్దంలో ఆ నగరపు కూరగాయల తోటమాలులు గుర్రపుసాలల నుంచి లద్దె తెచ్చి, అది మగ్గేటప్పుడు పుట్టే వేడి మీద నారు పెంచేవారు. మొక్కల మీద గంట ఆకారపు గాజుమూతలు బోర్లించి, ఎండ పొడిచాక గాట్లు పెట్టిన కొయ్యముక్కతో మూతను ఒక పక్క ఎత్తి గాలి తగలనిచ్చేవారు. 1845లో మోరో, దావెర్న్ అనే ఇద్దరు ఈ విద్యను పుస్తకంగా అచ్చువేశారు. విశేషమేమంటే వారిద్దరూ స్వయంగా తోటమాలులే.

నీడపట్టున పెరిగిన ఆకుకు పైపొర పలుచన. ఒక్కసారిగా ఎండ తగిలితే మాడిపోతుంది. గాలికి ఊగిన కాండం పొడవు తగ్గి లావెక్కుతుంది. స్పర్శకు మొక్క ఇలా స్పందించడానికి మార్క్ జాఫీ 1973లో శాస్త్రీయనామం పెట్టాడు. కారణం తెలియడానికి ఎన్నో శతాబ్దాల ముందే చేతులకు పని తెలుసు.

తడి ఎన్నాళ్ళు ఆపాలో, ఏ రంగు ఆకు చూసి నారు ముదిరిందనుకోవాలో తెలిసిన తెలుగు రైతు, తన పేరుతో, తన మాటల్లో వ్రాసిన పుస్తకం చదవాలని నాకు కోరిక.